రెండుసార్లు చచ్చిన లంక

కేతకీపురం మీద పొద్దు పొడిచిందంటే ముందుగా మెరిసేవి రాజప్రాసాదం మీది బంగారు కలశాలు కావు, ఘోషశాల గోపురం మీది చిలుకలు. ఏడంతస్తుల ఆ గోపురం చుట్టూ ఎర్రరాతి చిలుకలు రెక్కలు విప్పుకుని బారులు తీరి ఉంటాయి. వాటి కళ్ళల్లో పొదిగిన పచ్చలకు తొలి ఎండ తగలగానే ఊరి మీద పచ్చని వెలుగు జల్లు కురిసినట్టుంటుంది. ఆ చిలుకల నడుమ, అన్నిటికన్నా పై అంతస్తులో, మెడకు తప్పెట వేసుకుని నిలబడి, రాజముద్ర ఉన్న తాటాకు చదివి, ఆనాటి వార్త చాటడం రేచన పని.

రేచన గొంతంటే కేతకదేశానికి గర్వం. గాలి వాలు చూసుకుని కేక వేశాడంటే క్రోసు దూరంలో దున్నుతున్న రైతు కాడి నిలిపి వినేవాడు. ఆ గొంతు వాళ్ళ వంశంలో ఏడో తరానిది. వరద వచ్చినా, పట్టాభిషేకం జరిగినా, రాణిగారు ప్రసవించినా దేశానికి ముందు చెప్పింది ఆ ఇంటి వాళ్ళే. సందేహం లేని మాటను ఊళ్ళో "అది రేచన చాటిన మాటే" అనేవారు. ఆ మాట చెవిని పడినప్పుడల్లా ఇరవైఆరేళ్ళ రేచనకు ఛాతీ పొంగేది.

ఆ ఉదయం తాటాకు చదవగానే మాత్రం అతని పళ్ళు బిగుసుకున్నాయి. తప్పెట మోగింది.

"వినండహో! తరళానది నడుమనున్న మన రెల్లులంక మీద శంబరగిరి సైన్యం విరుచుకుపడింది! ఇళ్ళు తగలబెట్టింది! ఆడా మగా, పిల్లా ముసలీ అనకుండా మూడువందల పద్దెనిమిది మందిని నరికింది! బాణం పట్టగలిగిన ప్రతివాడూ కోట ముందుకు రావాలని చండవిక్రమ మహారాజు ఆజ్ఞ!"

ఊరు బుసకొట్టింది.

తరళానదికి ఇవతల కేతకం, అవతల శంబరగిరి. నడుమనున్న రెల్లులంక ఎవరిదన్న తగవు ఇద్దరు రాజుల తాతల కాలం నాటిది. అయితే ఇన్నాళ్ళూ అది రాయబారులు మీసాలు మెలేసుకుని వాదించుకునే తగవే. ఆ పొద్దున రేచన గొంతు దాన్ని ప్రతి ఇంటి పొయ్యి దగ్గరికీ తీసుకుపోయింది. కమ్మరులు నాగళ్ళు పక్కన పడేసి ఈటెలు సానబెట్టారు. మూడు తరాలుగా కేతకీపురంలోనే గాజులు అమ్ముకుంటున్న శంబరగిరి కుటుంబాల ఇళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. మధ్యాహ్నానికి వెయ్యిమంది యువకులు కోట ముందు నిలబడి "రేచన చెప్పాడు! చావో రేవో!" అని అరుస్తుంటే, గోపురం దిగి వస్తున్న రేచనకు ఒళ్ళు గగుర్పొడిచింది. తన ఒక్క గొంతు ఇంత సేనను లేపిందా అని గర్వంతో కళ్ళు చెమర్చాయి.

అప్పుడు ధూమకేశుడు వచ్చాడు.

ధూమకేశుడు ఆర్నెల్ల కిందట దేశానికి వచ్చిన మాంత్రికుడు. మోకాళ్ళ దాకా వేలాడే నల్లటి జడలు, గుగ్గిలం పొగలో ఎర్రబడిన కళ్ళు. కోట ముందున్న విశాలమైన బయలులో పెద్ద ఇత్తడి ధూపపాత్ర పెట్టించి, గుప్పెడు పొడి విసిరాడు. పొగ లేచింది. అది చెదరకుండా తెరలా పరుచుకుంది. తెర మీద బొమ్మలు కదిలాయి. మండుతున్న ఇళ్ళు, జుట్టు విరబోసుకుని పరుగెత్తే స్త్రీలు, శంబరగిరి పులిబొమ్మ డాళ్ళు పట్టిన సైనికులు, ఎత్తైన తాటిచెట్ల కింద గుట్టలుగా పడి ఉన్న శవాలు. జనం గుండెలు బాదుకున్నారు. కొందరు ఆ తెర మీదికే రాళ్ళు రువ్వారు.

అంత గోలలోనూ ఒక ముసలి గొంతు వినబడింది.

"అదేం మా లంక నాయనా! మా లంకలో ఒక్క తాటిచెట్టుంటే ఒట్టు! అంతా ఇసకా రెల్లూనే కదా!"

నెత్తి మీద రెల్లుచాపల కట్టతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. పేరు మాచవ్వ. "మొన్న పొద్దున్నే అక్కణ్ణుంచి బయల్దేరి వచ్చాను. నా కోడలు నన్ను పుట్టి ఎక్కించింది. మమ్మల్నెవరూ చంపలేదు!" అంది.

"శంబరగిరి వేగు!" అని ఎవడో అరిచాడు. పది చేతులు ఆమె మీదికి లేచాయి. ఒకడు ఆమె చాపల కట్ట లాగి నిప్పులో వేశాడు. ఇంకొకడు కర్ర ఎత్తాడు. రేచన జనాన్ని చీల్చుకుంటూ దూకి ఆ కర్ర పట్టుకున్నాడు.

"జరగండి వెనక్కి!" అన్నాడు. ఆ గొంతుకు అలవాటు పడ్డ జనం తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశారు. రేచన ముసలమ్మను భుజానికి ఎత్తుకుని ఘోషశాలలోకి నడిచాడు.

*

ఘోషశాలకు అధిపతి వాగ్భూషణామాత్యుడు. గోపురం ఆరో అంతస్తులో పట్టు తలగడల మీద ఆనుకుని, మరునాటి తాటాకు మీద గంటంతో తానే రాస్తున్నాడు. రేచన చెప్పిందంతా విని చిరునవ్వు నవ్వాడు.

"రేచనా, నీ పని చూడడం కాదు. చాటడం. చూసేవాళ్ళు వేరే ఉన్నారు."

"చూసినవాళ్ళెవరో ఒక్కరి పేరు చెప్పండి స్వామీ. మా ముత్తాత చాటిన ప్రతి వార్తకూ చూసినవాడి పేరు ఆకు చివర ఉండేది. ఈ పొద్దుటి ఆకులో పేరు లేదు. నేను అడగలేదు. అది నా తప్పు."

"ముత్తాతల కాలం పోయింది. ఇదిగో, రేపు చాటవలసింది." వాగ్భూషణుడు తాటాకు అందించాడు. అందులో శంబరగిరివాళ్ళు లంకలోని నీళ్ళలో విషం కలిపారని ఉంది. గంటపు గీతల్లో పూసిన మసి ఇంకా ఆరలేదు.

"ఇది ఇప్పుడు మీరే రాశారు కదా!"

"రాశాను. రేపు నువ్వు చాటుతావు. ఎల్లుండికి అది నిజమవుతుంది."

రేచన మెడలోని తప్పెట మీద చెయ్యి వేశాడు. "ఈ గొంతు ఏడు తరాలది స్వామీ. దాన్ని ఒకసారి మైల చేశాను. రెండోసారి చెయ్యను. లంకకు వెళ్ళి నా కళ్ళతో చూసి వచ్చి, చూసిందే చాటుతాను."

వాగ్భూషణుడి నవ్వు మాయమైంది. "భటులారా!"

తలుపు దగ్గర నాలుగు ఈటెలు మెరిశాయి. రేచన ఆలోచించలేదు. మాచవ్వను వీపుకు కట్టుకున్నంత గట్టిగా పట్టుకుని, కిటికీలోంచి గోపురం జెండా తాడు అందుకున్నాడు. తాడు సర్రున జారింది. రాతి చిలుకలు ఒక్కొక్కటే పైకి దూసుకుపోతున్నట్టున్నాయి. నాలుగో అంతస్తు దగ్గర పైనుంచి కత్తి దెబ్బకు తాడు తెగింది. ఇద్దరూ గాల్లో గిరికీలు కొడుతూ పోయి కోట కందకంలో ధబేలున పడ్డారు. తామరతూళ్ళ నడుమ తల పైకెత్తి మాచవ్వ నీళ్ళు ఉమ్మింది.

"నీ గొంతు బాగుంటుందని విన్నాను గానీ, నీ దూకుడు సంగతి ఎవరూ చెప్పలేదు నాయనా. పద, కాలవ గుండా నది చేరొచ్చు. నా పుట్టి అక్కడే ఉంది."

*

తరళానది ఎండాకాలంలోనూ ఎండని నది. నీలం, ఆకుపచ్చ, తేనెరంగు అని మూడు పాయలు కలిసీ కలవకుండా పక్కపక్కనే పారుతుంటాయి. ఒడ్డున తెల్ల కొంగలు గుంపులుగా లేస్తే మల్లెపూల చెండ్లు విసిరినట్టుంటుంది. ఆ నీటి మీద మాచవ్వ గుండ్రటి తోలుపుట్టి రెండు రోజులు సాగింది. రేచన ఒంటికి బురద పూసుకుని, తలకు రెల్లు చుట్ట పెట్టుకుని, తప్పెటను చాపల కింద దాచి, చాపలు మోసే కూలివాడి వేషం కట్టాడు. ఒడ్డున మూడు చోట్ల కేతక భటులు పుట్టిని ఆపి ఈటెలతో చాపల్ని పొడిచి చూశారు. మూడుసార్లూ మాచవ్వ వాళ్ళను తిట్టిన తిట్లకు వాళ్ళే దారి వదిలారు.

మూడోనాటి ఉదయం లంక కనబడింది. పొగ లేదు. రెల్లుపూలు తెల్లగా ఊగుతున్నాయి. రేచన చూపు అక్కడే అతుక్కుపోయింది. అందుకే పక్కనున్న నీరు ఉబ్బడం అతను గమనించలేదు.

"వెనక చూడూ! మొసలీ!"

ఆ కేక లంక ఒడ్డునుంచి వచ్చింది. నదిని అడ్డంగా కోసుకుంటూ, ఒక్క అక్షరం చెదరకుండా వచ్చింది. రేచన పక్కకు దొర్లాడు. పుట్టి అంచు పటపటమని మొసలి నోట్లో విరిగింది. అతను చేతికందిన తెడ్డును దాని దవడల మధ్య నిలువుగా గుచ్చి, దాని వీపు మీదుగా దూకి, ఒక చేత్తో మాచవ్వను లాక్కుంటూ ఈదాడు. మొసలి తెడ్డును నమిలి ముక్కలు చేసేసరికి ఇద్దరూ ఇసుక మీద ఉన్నారు.

ఒడ్డున, అప్పుడే పడవ దిగినట్టు తడికాళ్ళతో, బుట్ట చంకన పెట్టుకుని, ఎరుక చెప్పే స్త్రీ వేషంలో ఒక యువతి నిలబడి ఉంది. రేచన ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎరుక చెప్పేవాళ్ళు పక్కవాడికి వినబడేలా మాట్లాడితే చాలు. నదికి అడ్డంగా కేక వెయ్యాలంటే పదేళ్ళు గోపురం మీద నిలబడాలి. ఏ గోపురం మీద నిలబడ్డావు?"

ఆమె పెదవి చివర నవ్వు మెరిసింది. "ఎరుక నేను చెప్పాలి, నువ్వు చెప్పేశావు. సరే, నీ సంగతీ చెప్పనా? చాపలు మోసే కూలివాడు దెబ్బ తగిలితే 'అమ్మా' అంటాడు. నువ్వు మొసలిని చూసి 'హా' అన్న హాకు అవతలి గట్టు మారుమోగింది. కేతకీపురం గొంతు అది. నువ్వు రేచనవి."

మరుక్షణం ఆమె బుట్టలోంచి బాకు వచ్చింది. రేచన చేతికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెడ్డు కర్ర దొరికింది. ఇసుక లేచింది. బాకు అతని భుజం గీరింది. కర్ర ఆమె మణికట్టును తాకింది. "నా లంకవాళ్ళను తగలబెట్టి, ఇప్పుడు చూడడానికి వచ్చావా?" అని ఆమె అరిచింది.

"తగలబెట్టింది మీవాళ్ళే!" తాను చాటిన మాటే రేచన నోటికి వచ్చింది.

ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. వాళ్ళ చుట్టూ లంకవాళ్ళు మూగి ఉన్నారు. ముంగిట్లో వడ్లు దంచుతున్న ఆడవాళ్ళు, గేదెల్ని నీళ్ళకు తోలుతున్న మగవాళ్ళు, చాపలు అల్లుతున్న ముసలివాళ్ళు. వాళ్ళెవరి ఒంటి మీదా కాలిన గాయం లేదు.

మాచవ్వ కోడలు అడిగింది. "అత్తా, వీళ్ళెందుకు కొట్టుకుంటున్నారు?"

"మనం చచ్చిపోయామంట పిల్లా. ఎవరు చంపారా అని కొట్టుకుంటున్నారు."

ఆ యువతి పేరు మైలమ. శంబరగిరి రాజధానిలో ఘోషకురాలు. అక్కడి గోపురం మీద తొలిసారి ఒక స్త్రీ గొంతు పలికింది ఆమెతోనే. ఆమె నడుముకు చుట్టుకున్న గుడ్డలోంచి ఒక తాటాకు తీసింది. రేచన మొలలో దోపుకున్న తనది తీశాడు. రెండూ ఇసుక మీద పక్కపక్కన పెట్టారు. అవే మాటలు, అదే వరుస. ఒకదానిలో "శంబరగిరి సైన్యం" అన్నచోట రెండోదానిలో "కేతక సైన్యం" అని ఉంది. చచ్చినవాళ్ళు రెండింటిలోనూ మూడువందల పద్దెనిమిది మందే.

"మా ఊళ్ళో కూడా పొగతెర మీద చూపించారు," అంది మైలమ. "చూపించినవాడికి తెల్లగడ్డం. పేరు మేఘస్వామి. తెర మీద తాటిచెట్లున్నాయి. మా నాన్న పడవవాడు. చిన్నప్పుడు నన్ను ఈ లంకకు తెచ్చేవాడు. తాటిచెట్టు చూసిన గుర్తు లేదు. అడిగితే నోరు మూసుకోమన్నారు. వచ్చేశాను."

"కళ్ళు?"

"ఎర్రగా ఉంటాయి. గుగ్గిలం పొగకు."

"మా ధూమకేశుడూ మీ మేఘస్వామీ ఒక్కడే!" అన్నాడు రేచన.

మైలమ తలూపింది. "నాకు ఇంకొకటీ తెలుసు. వాడు మా మంత్రితో మాట్లాడుతుంటే గోపురం మెట్ల మీదనుంచి విన్నాను. జనం కోపమే వాడి పొగకు వంట చెరకు. కోపం ఎంత పెరిగితే తెర అంత చిక్కనవుతుంది. రెండు సేనలు ఇక్కడ తలపడి లక్షమంది కోపంతో ప్రాణం విడిస్తే, ఆ చివరి ఊపిర్లన్నీ పీల్చుకుని వాడు వెయ్యేళ్ళు బతుకుతాడట. రేపు పొద్దున్నే సేనలు వస్తున్నాయి."

లంకవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. భయపడతారనుకున్నాడు రేచన. మాచవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. ఆ వంగిన నడుం ఆ పూట నిటారుగా నిలిచినట్టు కనబడింది.

"ఇన్నేళ్ళుగా ఈ రాజు మాదంటాడు, ఆ రాజు మాదంటాడు. వరదకు కొట్టుకుపోయిన ఇసకను మళ్ళీ మళ్ళీ గట్టుగా పోసి, రెల్లు నాటి, ఈ లంకను నిలబెట్టింది మేము. మమ్మల్ని ఒక్కమాట అడిగినవాడు లేడు. పైగా ఇప్పుడు రెండుసార్లు చంపారా! రేపు మేమంతా నీళ్ళలోకి దిగి నిలబడతాం. ఎవడు కాదంటాడో చూస్తాను."

*

తెల్లవారి పొద్దు నిలువెత్తు లేచేసరికి తరళకు రెండు గట్లూ ఇనుప అడవులయ్యాయి. ఇవతల కేతక గజబలం. ఏనుగుల కుంభస్థలాల మీద కుంకుమ, దంతాలకు రాగి తొడుగులు, నడుమ పట్టపుటేనుగు మీద చండవిక్రమ మహారాజు, పక్కనే పల్లకిలో వాగ్భూషణుడు. అవతల పులిబొమ్మ డాళ్ళు ఎండకు తళతళలాడుతూ శంబరగిరి ఆశ్వికదళం. రెండువైపులా నగారాలు మోగుతున్నాయి. వాటి దెబ్బకు నది మీద అలలు లేస్తున్నాయి.

నడుమ ఒక తెప్ప వచ్చి ఆగింది. తెప్ప మీద ఇద్దరు వీపుకు వీపు ఆనించి నిలబడ్డారు. రేచన ముఖం కేతకం వైపు, మైలమ ముఖం శంబరగిరి వైపు. వేషాలు తీసేశారు. ఇద్దరి మెడల్లోనూ తప్పెటలున్నాయి; రేచనది లంకవాళ్ళు విరిగిన పుట్టిలోంచి తీసి తెచ్చింది, మైలమది ఆమె బుట్టలో దాచుకొచ్చింది.

"వినండహో! నేను రేచనను!"

కేతక సేనలో కలకలం రేగింది. నగారాలు తడబడి ఆగాయి. అదే క్షణంలో వెనకనుంచి మైలమ గొంతు "వినండహో! నేను మైలమను!" అని అవతలి గట్టును తాకింది.

"నాలుగు రోజుల కిందట గోపురం మీదనుంచి మీకు ఒక వార్త చాటాను. చూడకుండా చాటాను. చూసినవాడెవడని అడగకుండా చాటాను. అది అబద్ధం! నా ఏడు తరాల్లో మొదటి అబద్ధం! దాన్ని నమ్మి ఇళ్ళు వదిలి వచ్చారు మీరు. దాన్ని చెప్పిన నోటితోనే చెబుతున్నాను. రెల్లులంకలో ఒక్క ఇల్లు కాలలేదు. ఒక్క ప్రాణం పోలేదు. చూసినవాడి పేరు రేచన!"

బాణం ఒకటి వచ్చి అతని తప్పెట అంచులో గుచ్చుకుంది. రేచన కదలలేదు. చెయ్యెత్తి లంక వైపు చూపించాడు.

రెల్లు చీలింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, చంకల్లో పసివాళ్ళు. అందరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుంలోతు నీళ్ళలోకి నడిచి వచ్చారు. సగంమంది ఇటు తిరిగారు, సగంమంది అటు తిరిగారు. రేచన ముందు రాత్రి కంఠతా పట్టిన పేర్లు ఒక్కొక్కటే పిలిచాడు. పిలిచినవాడల్లా "ఉన్నా!" అని పలికాడు. నలభయ్యో పేరు దగ్గర కేతక సేనలోంచి ఒక విలుకాడు విల్లు పారేసి "అక్కా! మా అక్కే! మొన్న దినం కూడా పెట్టామే!" అని ఏడుస్తూ నీళ్ళలోకి దూకాడు. అవతలి గట్టున కూడా ఒక గుర్రపురౌతు దిగి, ఎవరినో పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తాడు.

వాగ్భూషణుడు పల్లకిలోంచి లేచి నిలబడ్డాడు. "మహారాజా, మోసపోకండి! ఇదంతా శత్రువు మాయ! అవి మనుషులు కావు, నీడలు!"

మాచవ్వ అప్పటికే ఇవతలి గట్టు ఎక్కింది. తడి చీర కొంగు నడుముకు దోపుకుని, భటుల మధ్యనుంచి తిన్నగా పల్లకి దగ్గరికి వచ్చి, అమాత్యుడి మణికట్టు పట్టుకుంది.

"నీడనా నేను? విడిపించుకో చూద్దాం!"

చాపలు అల్లి అల్లి ఇనుమైన చెయ్యి అది. వాగ్భూషణుడు గింజుకున్నాడు, మెలికలు తిరిగాడు, చివరికి కెవ్వుమన్నాడు. సేనలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరుసలనుంచి వరుసలకు పాకింది. యుద్ధానికి వచ్చిన యాభైవేల మంది నవ్వారు.

చండవిక్రముడు నవ్వలేదు. ఏనుగు దిగి, మాచవ్వ ముందుకు వచ్చి, కిరీటం తీసి చంకన పెట్టుకున్నాడు. "అవ్వా, నేను అబద్ధం కోసం కత్తి దూశాను. లంక ఎవరిదన్నది మీ లంకలో, నీ ఎదుటే తేలాలి. నా సేన ఇక్కణ్ణుంచి అడుగు ముందుకు వెయ్యదు," అని, వాగ్భూషణుణ్ణి బంధించమని సైగ చేశాడు. అవతలి గట్టున శంబరగిరి జెండా కూడా నెమ్మదిగా కిందికి దిగింది.

రేచన గుండె నిండింది. చాటాల్సిన మాట ఇంకొక్కటే మిగిలింది. రెండు సేనల మీదుగా రెండు రాజధానులకూ చేరవలసిన మాట. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

తెప్ప పక్కన నీళ్ళు పొగలు కక్కాయి. ఆ పొగలోంచి ధూమకేశుడు లేచాడు. సగం జడలు నలుపు, సగం గడ్డం తెలుపు. కోపం చల్లారిపోతున్న కొద్దీ వాడి ఒళ్ళు అక్కడక్కడా చిల్లులు పడి, ఆ చిల్లుల్లోంచి అవతలి గట్టు కనబడుతోంది. చేతిలో నల్లశంఖం ఉంది.

"నూరేళ్ళ నా వంట నీళ్ళపాలు చేశావు! అయితే నీ గొంతు నాది!"

శంఖం మూతి రేచన వైపు తిరిగింది. అతని గొంతులోంచి తేనెరంగు వెలుగు ఒకటి దారంలా సాగి శంఖంలోకి చుట్టుకుపోయింది. ధూమకేశుడు వికటంగా నవ్వి, లంక కొసన గిరగిర తిరుగుతున్న పెద్ద సుడిగుండంలోకి పొగలా దూరిపోయాడు.

రేచన అరిచాడు. శబ్దం రాలేదు. మళ్ళీ అరిచాడు. పెదవులు కదిలాయి, అంతే. ఏడు తరాల గొంతు ఆగిపోవడం యాభైవేల మంది కళ్ళారా చూశారు.

మైలమ ఇటు తిరిగింది. శత్రుదేశపు తప్పెట శత్రుదేశపు సేనకు ఎదురుగా మోగించింది. రేచన పెదవులు చూస్తూ, అతను పలకలేని మాటను తన గొంతుతో పలికింది.

"రెల్లులంక బతికే ఉంది!"

అప్పుడు అక్క కోసం దూకిన ఆ విలుకాడు, నీళ్ళలో నిలబడే, గొంతు చించుకుని అన్నాడు. "రెల్లులంక బతికే ఉంది!" పక్కవాడు అందుకున్నాడు. వంద, వెయ్యి, పదివేలు. గట్టు వెనక వంటవాళ్ళు అందుకున్నారు, బండ్లవాళ్ళు అందుకున్నారు, వాళ్ళ వెనక పొలాల్లోని రైతులు అందుకున్నారు. మాట ఏ గోపురమూ ఎక్కకుండా, ఏ తాటాకూ లేకుండా, కేతకీపురం వైపు పరుగు తీసింది. రేచన నిలబడి విన్నాడు. తన గొంతు పోయిన బాధ ఆ క్షణాన అతనికి గుర్తే రాలేదు. దేశం మొత్తం తనలా పలుకుతోంది.

తర్వాత అతను ఆ విలుకాడు విసిరిన కత్తి అందుకుని సుడిగుండం వైపు చూశాడు. మైలమకు మాటలు అవసరం లేకపోయింది.

"పద," అంది. "నీ గొంతు తెచ్చుకుందాం. ఆ పొగగాడికి వంట చెరకు మళ్ళీ దొరక్కూడదు."

తెప్ప సుడిలోకి జారింది. నీటిగోడలు నీలంగా, ఆకుపచ్చగా, తేనెరంగుగా చుట్టూ గిర్రున తిరిగాయి. తెప్ప బొంగరమైంది. దుంగలు ఒక్కొక్కటే ఊడి ఎగిరిపోయాయి. చివరి దుంగను కౌగిలించుకుని ఇద్దరూ ఒక రాతినేల మీద విసురుగా పడ్డారు.

అది నది కింది గుహ. గోడలనిండా అరలు. అరలనిండా నల్లశంఖాలు, వందలకొద్దీ. ప్రతి శంఖంలోనూ తేనెరంగు వెలుగు ఒకటి మినుకుమినుకుమంటోంది. వాళ్ళ వెనక బండరాయి ఒకటి గరగరమని దొర్లి, వచ్చిన దారి మూసుకుపోయింది. గుహ లోతునుంచి గుగ్గిలం వాసన, దాని వెంట మెత్తని అడుగుల చప్పుడు దగ్గరవుతోంది.

దగ్గర్లోని శంఖంలోంచి పాతకాలపు ముసలి గొంతొకటి సన్నగా పలికింది.

"ఎవరు నాయనా మీరు? మేమూ ఘోషకులమే. నిజం చాటబోయి ఇలా చిక్కాం. చెప్పండి, పైన యుద్ధం జరిగిందా?"

రేచన కత్తి దూసి, వస్తున్న అడుగులకు ఎదురుగా నిలబడ్డాడు. మైలమ అతని వీపుకు వీపు ఆనించి, అన్ని శంఖాలకూ వినబడేలా, తల ఎత్తుకుని జవాబు చెప్పింది.

"లేదు తాతా! ఆపేశాం!"